ఆవిడగారి పేరు

భగవద్గీత మొదటి అధ్యాయం ఎప్పుడైనా చదివారా? అర్జునుడు విల్లు పడేసి కూలబడకముందు, అంటే అసలు బోధ మొదలవకముందు, అందరూ శంఖాలు ఊదుతారు. వ్యాసుడు అక్కడ ‘శంఖాలు ఊదారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. కృష్ణుడిది పాంచజన్యం, అర్జునుడిది దేవదత్తం, భీముడిది పౌండ్రం, ధర్మరాజుది అనంతవిజయం, నకులుడిది సుఘోషం, సహదేవుడిది మణిపుష్పకం. ఆరుగురికి ఆరు పేర్లు. అవతలి పక్షంలో భీష్ముడు కూడా సింహనాదం చేసి మరీ ఊదాడు, కానీ ఆయన శంఖానికి అక్కడ పేరు లేదు. కౌరవుల భేరీలకీ లేదు, కొమ్ములకీ లేదు. పేర్లున్న వాయిద్యాలవాళ్లే యుద్ధం గెలిచారని మా నాన్న అనేవారు. ఆయన అలాంటి లెక్కలు బాగా తీసేవారు.

దేవలోకంలోనూ ఇదే పద్ధతి. సరస్వతీదేవి వీణ కచ్ఛపి. నారదుడిది మహతి. తుంబురుడిది కళావతి. మనవాళ్లు ఆ వీణల పేర్లని దించి ఆడపిల్లలకి పెట్టుకున్నారు. ప్రతి వీధిలో ఒక మహతి, ప్రతి ఆఫీసులో ఒక కళావతి ఉంటారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో చేసిన రాగం పేరు కూడా మహతే. కచ్ఛపి అని మాత్రం ఎవరూ పెట్టుకున్నట్టు లేదు. ఆడ తాబేలు అని అర్థం తెలిసిపోయి ఉంటుంది.

మా ఇంట్లో వాయిద్యానికి అంత గొప్ప పేరు లేదు. మా నాన్న ఫిడేలు పేరు అప్పలనర్సమ్మ.

నాన్నది విజయనగరం దగ్గర పల్లెటూరు. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి కేంద్రం అయ్యాక, ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఇటు ఉద్యోగానికొచ్చిన వాళ్లలో ఆయనొకరు. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. పగలంతా బోగీల కింద దూరి బోల్టులు బిగించడం. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు ఒకసారి కిరసనాయిలుతో, రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వాసన చూసుకుని, అప్పుడు ఫిడేలు పెట్టె తెరిచేవారు. కచేరీలు చేసే స్థాయి కాదు. శ్రీరామనవమి పందిళ్లలో భజనకి పక్కన వాయించడం, క్వార్టర్స్‌లో ఎవరింట్లోనైనా శుభకార్యమైతే ఒక గంట కూర్చోవడం, అంతే.

ఆ ఫిడేలు కొనడం వెనక ఒక గేదె ఉంది. 1919లో మొదలైన విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాల గురించి మీకు తెలిసే ఉంటుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. నాన్న పిల్లాడిగా ఉన్నప్పుడు బజారు పని మీద పట్నం వెళ్లి, ఆ కళాశాల కిటికీల కింద నిలబడి పని మర్చిపోయి ఇంటికొచ్చేవారట. తన్నులు తిన్నా మానలేదు. చివరికి మా నాయనమ్మ ఇంట్లో ఉన్న ఒక్క చూడిగేదెనీ సంతలో అమ్మి, మూతపడిన నాటకాల కంపెనీ తాలూకు ఒక పాత ఫిడేలు కొనిపెట్టింది. ఊరంతా నవ్వింది. “గేద పాలిస్తది, పేడిస్తది. ఈ పిడేలు ఏటిస్తాదే?” అని అడిగారట. ఆవిడ ఏమీ చెప్పలేదు. ఆ మరుసటేడు జ్వరంతో పోయింది. కొడుకు దాని మీద ఒక్క పాట సరిగ్గా వాయించడం కూడా ఆవిడ వినలేదు. ఆవిడ పేరే అప్పలనర్సమ్మ.

ఫిడేలుకి బారసాల ఏమీ చేయలేదు. నాన్న పిలవడం మొదలుపెట్టారు, అంతే. “నర్సమ్మ ఎక్కడుంది?”, “నర్సమ్మ మీద దుమ్ము పడుతోంది”, “ఇవాళ నర్సమ్మకి కోపం”.

చిక్కంతా మా అమ్మకి వచ్చింది. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదు కదా. మా వైపు ఆ పట్టింపు మరీ ఎక్కువ. అమ్మ ఎప్పుడూ ‘సింహాచలం అప్పన్న’ అనేది కాదు, ‘కొండమీద స్వామి’ అనేది. అప్పన్న అంటే అత్తగారి పేరులో సగం పలికినట్టేనని ఆవిడ లెక్క. అత్తగారిని ఆవిడ కళ్లతో కూడా చూడలేదు, పెళ్లినాటికే పోయింది. అయినా పట్టింపు పట్టింపే. అందుకని ఫిడేలుని ‘ఆవిడ’ అనేది. కొంచెం గౌరవంగా ఉన్న రోజు ‘ఆవిడగారు’.

“ఆవిడగారికి ఎండ తగులుతోంది, లోపల పెట్టండి.” “ఆవిడ పెట్టెలో చిమటలు చేరాయేమో చూడండి.” ఒకసారి పక్క క్వార్టర్‌లో ఆంటీ వచ్చి, వంటింటి గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి అడిగింది: “మీ అత్తగారు ఊర్నుంచి వచ్చిన్రా? గొంతు బాగలేదంటున్నరు?” అమ్మ అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియక పెసరట్టు పెట్టి పంపింది.

నిజానికి ఫిడేలు ఉన్న ఇంట్లో దాన్ని మనిషిలా చూడకుండా ఉండటమే కష్టం. దానికి మెడ ఉంటుంది, వీపు ఉంటుంది, పొట్ట ఉంటుంది. లోపల, పై పలకకీ కింది పలకకీ మధ్య, జిగురు లేకుండా ఒత్తిడి మీదే నిలబడే ఒక చిన్న పుల్ల ఉంటుంది. అది ఒక్క నూలుపోగంత జరిగినా గొంతు మారిపోతుంది. పడిపోతే గొంతు పూర్తిగా పోతుంది. ఆ పుల్లని ఇటలీవాళ్లు ‘ఆనిమా’ అంటారు, ఫ్రెంచివాళ్లు ‘ఆమ్’ అంటారు. రెండింటికీ అర్థం ఆత్మే. వర్క్‌షాపులో నలభై టన్నుల బోగీలు విప్పి బిగించే మా నాన్న, ఆ వేలెడు పుల్ల విషయంలో మాత్రం ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఇక మనస్థితి సంగతి. ఏప్రిల్ వచ్చిందంటే మన హైదరాబాద్ ఎండకి చెక్క ఆరిపోయి బిరడాలు జారిపోతాయి. రాత్రి శృతి చేసి పెట్టిన తీగ పొద్దునకి వేలాడుతూ ఉంటుంది. జులైలో చెమ్మకి అవే బిరడాలు ఉబ్బిపోయి, తిప్పితే కదలవు, గట్టిగా తిప్పితే తీగ తెగుతుంది. నిన్న మాట విన్నది ఇవాళ వినదు. కారణం కనిపించదు. ఇలాంటిదాన్ని వస్తువు అనడం ఎలా? 2007లో నికొలస్ ఎప్లీ, ఆడమ్ వేట్జ్, జాన్ కాచొప్పో అనే ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు, మనుషులు వస్తువుల్లో మనుషుల్ని ఎందుకు చూస్తారో ఆలోచించి చెప్పిన కారణాల్లో ఇదొకటి: ఎప్పుడెలా ఉంటుందో తెలియనిదానికి మనం మనసుని అంటగడతాం. రోజూ ఒక్క కిక్కుకి స్టార్టయ్యే స్కూటర్‌ని ఎవరూ బతిమాలరు. మొరాయించేదాన్నే “ఒక్కసారి రా తల్లీ” అంటాం. వాళ్లు చెప్పిన ఇంకో కారణం ఒంటరితనం. అది చదివినప్పుడు పదహారేళ్లకి తల్లి పోయిన కుర్రాడొకడు కళ్లముందు మెదిలాడు.

మన భాషలోనే ఒక సూచన ఉంది. గంట మోగుతుంది, డబ్బా మోగుతుంది. వీణ మాత్రం పలుకుతుంది. బాగా వాయిస్తే “ఎంత బాగా పలికిందండీ” అంటాం. పిలిస్తే పలికేదానికి పేరుండాలి కదా మరి.

బయటి దేశాల్లో ఈ అలవాటు మనకంటే బాహాటంగా ఉంది. అందరికీ తెలిసిన కథ అమెరికా బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్‌ది. 1949 చలికాలం, ఆర్కన్సా రాష్ట్రంలో ట్విస్ట్ అనే చిన్న ఊరు. ఒక డ్యాన్సు హాల్లో వాయిస్తున్నాడు. చలి కాచుకోవడానికి మధ్యలో ఒక పీపాలో కిరసనాయిలు పోసి మంట పెట్టారు. ఇద్దరు మనుషులు కొట్టుకుంటూ దాన్ని దొర్లించేశారు. హాలంతా అంటుకుంది. అందరితోపాటు బయటికి పరిగెత్తినవాడు గిటార్ లోపల మర్చిపోయానని గుర్తొచ్చి మళ్లీ మంటల్లోకి వెళ్లాడు. తెచ్చుకున్నాడు. మర్నాడు తెలిసింది, ఆ ఇద్దరూ లూసిల్ అనే అమ్మాయి గురించి కొట్టుకున్నారనీ, ఇద్దరూ మంటల్లో పోయారనీ. తన గిటార్‌కి లూసిల్ అని పేరు పెట్టుకున్నాడు, ఇలాంటి పిచ్చిపని మళ్లీ చేయకూడదని తనకి తాను గుర్తు చేసుకోవడానికట. ఆ తర్వాత జీవితంలో ఎన్ని గిటార్లు మారినా అన్నీ లూసిళ్లే.

నాకు అంతకంటే ఇష్టమైన కథ చెలో వాయించే యోయో మా గారిది. ఆయన చెలో 1733లో వెనిస్‌లో మొంటాన్యానా చేసింది. అంత పాతదానికి, అంత ఖరీదైనదానికి పేరు లేదు. ఒకసారి ఒక చిన్న విద్యార్థిని “మీ చెలోకి పేరుందా?” అని అడిగింది. లేదు, వాయిస్తాను విని నువ్వే ఒకటి చెప్పు అన్నారాయన. ఆ పిల్ల ‘పెటూనియా’ అంది. మన ఇళ్లముందు కుండీల్లో పూస్తుందే, ఆ గరాటా పువ్వు. అదే స్థిరపడిపోయింది. 1999లో ఆయన న్యూయార్క్‌లో టాక్సీ డిక్కీలో దాన్ని మర్చిపోయి దిగిపోతే, అదే రోజు పోలీసులు వెతికి తెచ్చిచ్చారు. పద్దెనిమిదో శతాబ్దపు వాయిద్యం పోయిందనే కంటే పెటూనియా తప్పిపోయిందంటే వెతికేవాడికి ఎక్కువ కంగారు పుడుతుందని నా అనుమానం.

విల్లీ నెల్సన్ అనే ఆయన తన గిటార్‌కి ట్రిగర్ అని సినిమాల్లో ఒక కౌబాయ్ హీరో గుర్రం పేరు పెట్టుకున్నాడు. ఆ లెక్కన మా నాన్న అమ్ముడుపోయిన గేదె పేరు పెట్టి ఉండొచ్చు. దాని పేరు కూడా ఆయనకి చివరిదాకా గుర్తుంది.

మన తెలుగువాళ్లలో పేరు పెట్టడం తిరగేసి జరుగుతుంది. వాయిద్యానికి మనిషి పేరు కాదు, మనిషికే వాయిద్యం పేరు. ద్వారం వారిని జనం ‘ఫిడేలు నాయుడుగారు’ అన్నారు. వీణ చిట్టిబాబు. పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్. మన నాగర్‌కర్నూల్ జిల్లా పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యని ఇప్పుడు కిన్నెర మొగులయ్య అంటేనే గుర్తుపడతారు. ఇంటిపేరు పక్కకి జరిగి ఆ చోట్లో వాయిద్యం కూర్చుంటుంది. దీన్నంతా నేను గౌరవమనే అనుకునేదాన్ని, ఉస్మానియాలో ఎం.ఏ. చదువుకునే రోజుల వరకు.

అప్పుడు మేం తార్నాకకి మారాం. (తార్ అంటే తీగ, నాకా అంటే చెక్‌పోస్టు. ఒకప్పుడు ఇక్కడ తీగల కంచె, కాపలా ఉండేవని చెబుతారు. నాన్నకి మాత్రం ఊరి పేరులోనే తీగ ఉందని మహా సంతోషం. సితార్‌లో ఉన్న తార్ కూడా ఇదే అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.) ఆర్ట్స్ కాలేజీలో నాతో చదివే ఒక నల్గొండ జిల్లా స్నేహితురాలు లేడీస్ హాస్టల్‌లో ఉండేది. ఆదివారం హాస్టల్ భోజనం తప్పించుకుని మా ఇంటికి వచ్చేది. నాన్న నర్సమ్మని పరిచయం చేశారు, అందరికీ చేసినట్టే. తను పడీపడీ నవ్వింది. నవ్వాక, అన్నం కలుపుకుంటూ మామూలుగా అంది:

“మా నాయిన డప్పు గొడ్తె మూడూర్లకినబడ్తది, సార్. గని ఊర్ల మా నాయినకే పేరు లేదు. ‘ఓరి డప్పోడా’ అంటరు. ఇగ డప్పుకేం పేరు పెడ్తం?”

నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఫిడేలు ముందు పెడితే అది బిరుదు. డప్పు ముందు పెడితే అది కులం పేరు పెట్టి పిలిచినట్టు. ఆవిడ దాన్ని కోపంగా కూడా చెప్పలేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది.

దసరా సెలవుల తర్వాత నాన్న అడిగారని తను డప్పు తీసుకొచ్చింది. ఆడపిల్లలు డప్పు ముట్టొద్దంటారట వాళ్లూళ్లో, వాళ్ల నాన్నే బస్సెక్కించి పంపాడు. మా వెనక దొడ్లో కాగితాలు మంటపెట్టి తోలు కాచింది. వేడెక్కేకొద్దీ వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింది, అచ్చం నాన్న శృతి చూసుకున్నట్టే. ఒక చేత్తో లావు చిర్ర, ఇంకో చేత్తో సన్నటి చిటికెన పుల్ల. దరువు మొదలెట్టింది. వీధిలో కుక్కలు ఆగిపోయాయి. నాన్న లోపలికి వెళ్లి ఫిడేలు తేలేదు. పక్కన కూర్చుని తొడ మీద తాళం వేస్తూ విన్నారు. అయ్యాక, “నర్సమ్మ దీని ముందు మాట్లాడదమ్మా” అన్నారు.

1994లో దండోరా ఉద్యమం వచ్చి డప్పుని తల ఎత్తుకుని పట్టుకుంది. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమంలో అదే ఆర్ట్స్ కాలేజీ ముందు డప్పు మోగని రోజు లేదు. నా స్నేహితురాలు ఇప్పుడు జూనియర్ కాలేజీలో లెక్చరర్. 2022లో మొగులయ్యకి పద్మశ్రీ వచ్చినప్పుడు ఫోన్ చేసింది. “మా నాయినను కూడా మొన్న స్టేజి మీద డప్పు అని కలిపి, పేరుతోని పిలిచిన్రు. చిన్నప్పుడు తిట్టుగ ఇన్న మాటే. దాని ఎనక పేరొచ్చేసరికి బిరుదైంది” అంది. మొగులయ్యకి పద్మశ్రీ వచ్చాక కూడా కూలిపనికి వెళ్లాల్సి వచ్చిందని తర్వాత పేపర్లలో చూశాం. పేరు వేరు, కూడు వేరు. ఆ సంగతి మా నాయనమ్మని చూసి నవ్వినవాళ్లు కూడా అన్నారు లెండి, వాళ్ల భాషలో.

2011లో నాన్నకి బైపాస్ చేయాల్సి వచ్చింది. అదే వేసవిలో పేపర్లో ఒక వార్త పడింది. ‘లేడీ బ్లంట్’ అనే స్ట్రాడివేరియస్ వయొలిన్, 1721లో చేసినది, జపాన్ సునామీ బాధితుల సహాయం కోసం వేలం వేస్తే కోటీ యాభై తొమ్మిది లక్షల డాలర్లు పలికిందని. కవి బైరన్ మనవరాలు ఆనీ బ్లంట్ దగ్గర ఉండటం వల్ల దానికా పేరు. మా మేనబావ ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికే వచ్చేశాడు. ఎందుకంటే నర్సమ్మ కడుపులో, పై పలక మీదున్న రంధ్రంలోంచి తొంగిచూస్తే, పసుపు రంగు కాగితం మీద అచ్చులో ‘ఆంటోనియస్ స్ట్రాడివారియస్’ అని ఉంటుంది. కింద ‘17’ అనే అంకెలు. మిగతా రెండు అంకెలు చెరిగిపోయాయి. మామయ్యా, మన కష్టాలు తీరిపోయాయి, అన్నాడు.

ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సిన వారం అది. ఆ మూడు రోజులు మేమంతా ఆ కాగితాన్ని నమ్మాం. నమ్మకపోతే ఎలా? వయొలిన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన లోపలికి చూడను కూడా చూడలేదు. ఆ కాగితం ఉందా అని అడిగి, ఉందంటే నవ్వారు. స్ట్రాడివారి చేతివి ప్రపంచంలో ఇప్పుడు ఆరు వందల యాభై దాకా మిగిలాయట. ఆ పేరు కాగితం అంటించినవి లక్షల్లో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం నుంచి జర్మనీ, బొహీమియా ఫ్యాక్టరీలు ఆ నమూనాలో చేసి, నమూనా పేరుగా అది అంటించి అమ్మాయి. మోసం చేద్దామని అందరూ అంటించింది కూడా కాదు, అప్పట్లో కొనేవాళ్లకి తెలుసు. తర్వాత చేతులు మారి మారి మనదాకా వచ్చేసరికి తెలిసినవాడు మిగల్లేదు. మాదానికి ఆయన కట్టిన ధర పదివేలు, అదీ మంచి పెట్టె ఉంది కాబట్టి.

మా బావ మొహం చూడలేకపోయాం. ఈ వార్త నాన్నకి ఎలా చెప్పాలా అని వెళ్తే, ఆయన మంచం మీంచే, “ఆవిడ అప్పలనర్సమ్మే గానీ ఇటలీ దొరసాని కాదురా. నాకు ముందే తెలుసు” అన్నారు. అమ్మ తన గాజులు రెండు తీసిచ్చింది. మిగతాది రైల్వే వాళ్ల దయ, మా జీతాలు. పదివేలు ఇస్తామన్నా ఆ ఫిడేలు అమ్మే మాట ఆ వారంలో ఎవరి నోటా రాలేదు. గాజులు అమ్మాం, బండి అమ్మాం. వాటికి పేర్లు లేవు.

నాన్న ఆ తర్వాత ఆరేళ్లు ఉన్నారు. తార్నాకలో మెట్రో స్తంభాలు లేచి, పైన పట్టాలు పడటం చూశారు గానీ ఎక్కలేదు. రైల్వే మనిషి మెట్రో ఎక్కకుండా పోయాడే అని మా బావ ఇప్పటికీ అంటాడు.

ఆయన పోయాక ఇల్లు సర్దాం. ఆయన హార్మోనియం, బుష్ రేడియో, రెండు టేపు రికార్డర్లు, క్యాసెట్లు, పాత సామాను బండికి వెళ్లిపోయాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు. హార్మోనియం కూడా ఆయన ముప్పై ఏళ్లు వాయించినదే, కానీ దాన్ని ‘హార్మోనియం’ అనే పిలిచారు. తూకం వేసి తీసుకెళ్తుంటే అమ్మ వంటింట్లోంచి బయటికి కూడా రాలేదు. ఫిడేలు దగ్గరికొచ్చేసరికి మాత్రం పెద్ద సభ జరిగింది. నాకు వాయించడం రాదు. మా తమ్ముడికి రాదు. మేనబావ, హాల్లో గోడకి తగిలిద్దాం, అందంగా ఉంటుంది, మామయ్య గుర్తుగా ఉంటుంది అన్నాడు.

“అత్తగారిని మేకు కొట్టి వేలాడదీస్తావురా?” అంది అమ్మ.

“ఫోటోలు వేలాడదీయట్లేదా?”

“ఫోటో మాట్లాడదు.”

ఆ మాటతో అది మళ్లీ అలమరలోకి వెళ్లింది. షెహనాయ్ బిస్మిల్లా ఖాన్ గారు భార్య పోయాక తన షెహనాయ్‌నే బేగం అని పిలుచుకునేవారట. అమ్మ నాన్న పేరు పెట్టి ఏమీ పిలవలేదు. వారానికోసారి అలమర తెరిచి, మెత్తటి పాత చీర ముక్కతో ఆవిడగారిని తుడిచి, మూసేసేది. తీగలు వదులై తుప్పు పట్టాయి. కమాను వెంట్రుకలు పురుగు కొట్టి రాలిపోయాయి. దసరాకి పెట్టె మీద కుంకుమ బొట్టు పెట్టేది, నాన్న పెట్టినట్టే, చెక్క మీద వార్నిష్‌కి తగలకుండా.

మా వీధిలో సంగీతం చెప్పే టీచరుగారొకరున్నారు. నిరుడు ఆవిడ దగ్గరికి క్యాంపస్ నుంచి ఒక ఎమ్మెస్సీ అమ్మాయి వయొలిన్ నేర్చుకోవడానికి వస్తోందని, సొంతంగా వాయిద్యం లేక టీచరుగారిదే వాయించి వెళ్తోందని అమ్మకి తెలిసింది. మా అమ్మకి ఎనభై దాటినా వీధి వార్తలు ముందు ఆవిడకే తెలుస్తాయి. వారం రోజులు ఏదో ఆలోచించుకుంది. తర్వాత ఫిడేలుని బాగుచేయించమని నాకు ఇచ్చింది. కొత్త తీగలు, కొత్త కమాను, లోపలి పుల్ల మళ్లీ నిలబెట్టడం, అంతా కలిపి ఆ పెద్దాయన కట్టిన ధరలో సగం అయింది.

ఆ అమ్మాయి ఒక శనివారం సాయంత్రం వచ్చింది. వరంగల్ వైపు పిల్ల. టీచరుగారు ముందే ఏదో చెప్పి ఉంటారు. పెట్టె తెరవగానే, చెయ్యి వేయకుండా అడిగింది:

“దీనికి పేరుందంట గదా అమ్మమ్మా. ఏం పేరు?”

అమ్మ నావైపు చూసింది. ఇలాంటి సమయాల్లో ఎప్పుడూ నేనో తమ్ముడో చెప్పడం అలవాటు. నేను నోరు తెరిచేలోపల ఆవిడే చెప్పింది.

“అప్పలనర్సమ్మ.”

వెంటనే రెండు చేతులతో లెంపలేసుకుంది. నాకు తెలిసి, పెళ్లయిన యాభై ఏడేళ్లలో ఆ పేరు ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. అమ్మ లోపలికి వెళ్లి పసుపు, కుంకుమ, ఒక కొత్త రవికలగుడ్డ, రెండు అరటిపళ్లు తెచ్చింది. ఎవరికి ఇస్తోందో నాకు కాసేపు తెలియలేదు. పళ్లు ఆ అమ్మాయి చేతిలో పెట్టి, రవికలగుడ్డ ఫిడేలు మీద కప్పి, పెట్టె మూసింది. “అమ్మకు. నీకు అక్కర్లేని రోజున ఇక్కడికే తీసుకురా. ఇంకెవరికైనా నేర్చుకునేవాళ్లకి ఇద్దాం” అంది. గేదె సంగతి కూడా చెప్పింది. ఆ అమ్మాయి గేదె పేరేమిటని అడిగింది. అది నాన్నతోనే పోయింది.

ఇప్పుడా పిల్ల నెలకోసారి వస్తుంది. ఇంకా స్వరాలు తిన్నగా పడటం లేదు. మొన్నొచ్చినప్పుడు, హాస్టల్లో అందరూ ఫిడేలుని ‘నర్సు’ అని పిలుస్తున్నారని చెప్పింది. “నర్సా? సూదులేసే నర్సా?” అని అమ్మ చాలాసేపు బాధపడింది. ఆ రాత్రి అన్నం దగ్గర గుర్తొచ్చి నవ్వింది.

ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ వచ్చింది. తీగ రాత్రి శృతి చేస్తే పొద్దునకి జారిపోతోందట, ఏమైనా విరిగిందేమోనని భయపడుతోంది. నేను టీచరుగారిని అడగమని చెప్పబోతుంటే అమ్మ ఫోన్ లాక్కుంది.

“ఎండలకి ఆవిడకి అలాగే ఉంటుందమ్మా. బిరడాకి కాస్త సుద్దముక్క రాయి. పెట్టె కిటికీ దగ్గర పెట్టకు.”